నాంచారత్త నీళ్లతిత్తి

శుద్ధ విదియ

తూర్పు గాలి. మబ్బు లేదు. వానచాపలు రెండూ పొడిపొడిగా ఉన్నాయి. దబ్బచెట్టుకి ఒక చెంబు పోశాను.

దినచర్య ఇలాగే మొదలుపెట్టాలట. తెప్పలపాలెంలో ప్రతి తెప్పకీ ఒకటి ఉండాలి, ఇంటి పెద్ద రాయాలి, గాలి ఎటు వీచిందో వాన ఎంత పడిందో చెప్పాలి. మొన్నటిదాకా మా మేనత్త నాంచారమ్మ రాసేది. ఆమె పోయింది. పౌర్ణమి పోటు మీద సముద్రంలోకి సాగనంపి వచ్చాం. కాబట్టి ఇంటి పెద్దని ఇక నేను. పేరు భూలక్ష్మి. భూమి అనేదాన్ని దూరంగా కొండల వరసలో చూడటమే తప్ప దాని మీద కాలు పెట్టింది లేదు, అయినా పేరు పెట్టేటప్పుడు మావాళ్లకి ఆశ ఎక్కువ. చేసే పని వాననీళ్లు పట్టే చాపలు, అంటే వానచాపలు కుట్టడం. కోపిష్టిదాన్నని ఊరంతా అంటుంది. అది అబద్ధం. మనుషుల్ని చూస్తే నాకు కోపం రాదు, వాళ్లు మాట్లాడితే వస్తుంది.

పొద్దున మునసబు వీరరాఘవులు బాబాయ్ వచ్చాడు. ఊరి తొట్టి ఈయన చేతి కిందే ఉంటుంది. గడప దగ్గర గ్లాసు నిండా మంచినీళ్లు ఇచ్చాను. కళ్లకద్దుకుని, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని తిరిగిచ్చేశాడు. పెదాలు చూస్తే ఎండి పగిలి ఉన్నాయి. ఇక్కడ అందరం ఇంతే. వచ్చినవాళ్లకి గ్లాసు నిండా ఇస్తాం, వాళ్లు ఒక్క చుక్క తాగకుండా తిరిగిస్తారు, మేం దాన్ని మళ్లీ కుండలో పోసుకుంటాం. తాగిన మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

"వారసత్వ పన్ను సంగతి చెబుదామని వచ్చా," అన్నాడు బాబాయ్.

"ఎంత?"

"నాంచారక్క తిత్తిలో ఉన్న నీళ్లలో అయిదో వంతు. అమావాస్య లోపల ఊరి తొట్టిలో పడాల."

"పడకపోతే?"

ఆయన దబ్బచెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. "తెప్ప ఊరిదైపోద్ది. నీకు ఉమ్మడి తెప్ప మీద ఒక మంచం ఇస్తారు. చెట్టు మటుకు అక్కడ పెట్టనివ్వరమ్మా, బరువని."

"దానికేం, అత్త తిత్తి నిండుగా ఉంది. అందులోంచి కడతాను."

"పన్ను కట్టిందాకా వారసులు తిత్తి మూత తియ్యకూడదు."

"అంటే మూత తీస్తేగాని పన్ను కట్టలేను, పన్ను కడితేగాని మూత తియ్యలేను."

"అంతే."

"ఇంత తెలివైన రూలు రాసిన మహానుభావుడెవరు బాబాయ్?"

"మా తాత," అన్నాడు, తల దించుకుని.


శుద్ధ షష్ఠి

గాలి అదే. మబ్బు అదే, అంటే లేదు. చెట్టుకి ఒక చెంబు.

నెలకోసారి తిత్తికి పట్టిన గుల్లలు గీకాలి. లేకపోతే అవి తోలుని కొరికి చిల్లు పెడతాయి. అత్త ఉన్నప్పుడు ఇద్దరం మునిగేవాళ్లం. ఇవాళ ఒక్కదాన్నే మునిగాను. తాగడానికి లేని నీళ్లకి సేవలు చెయ్యడం ఒకటి తక్కువైంది నాకు.

తిత్తి మా తెప్ప తూర్పు మూల కింద ఉంటుంది, సరిగ్గా దబ్బచెట్టు పీపా కింద. బూడిదరంగు పొట్ట, రెండు పడవలంత ఉంటుంది. అత్త పెళ్లి కాకముందు, ఈ తెప్ప గృహప్రవేశం రోజున కట్టింది దాన్ని. అప్పటినుంచి కురిసిన ప్రతి వానలోనూ తాగింది తాగి, మిగిలింది అందులో పోసింది. దాని మూతి వంటింటి పక్కన పైకి వస్తుంది. మూత అత్త అరచెయ్యి పెడితేనే తెరుచుకునేది. ఆమె నాడి ఆగిన క్షణం నుంచి మూత మీద ఎర్రదీపం వెలుగుతోంది.

గీకడం అయ్యాక తిత్తికి చెంప ఆనించి కాసేపు ఉండిపోయాను. లోపల నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. అత్త పక్కలో పడుకున్నప్పుడు ఆమె పొట్ట ఇలాగే కదిలేది. నాకు ఏడుపొచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఒక సుఖం, తుడుచుకునే పని లేదు.

పన్ను మీద నాకు పగ లేదు. ఇది రాసిపెట్టాలి, రేపు ఎవరైనా చదివితే పిసినారిదాన్నని అనుకోకూడదు. ఊరి తొట్టి నీళ్లు బడికీ ఆసుపత్రికీ పోతాయి. తుపానులో అమ్మానాన్నా పోయాక, అత్త చేతికి నేను వచ్చేదాకా ఆ తొట్టి నీళ్లే నన్ను బతికించాయి. కట్టాల్సిందే. అత్త నీళ్లతో కడతానంటే ఎందుకు కుదరదు అన్నదే నా గొడవ.


శుద్ధ దశమి

ఉక్కపోత. గాలి లేదు. చెట్టుకి ఒక చెంబు, ఆకులు ముడుచుకుంటున్నాయి.

ఈ ఊళ్లో చావుపన్ను కట్టే దారి ఒకటే, ఇరుగుపొరుగుని అడగడం. తలా ఇన్ని కుండలు ఇస్తారు. పన్ను కట్టాక తీరుస్తాం, కానీ తీసుకున్నదానికి రెండింతలు తీర్చాలి, పాత తిత్తిలోంచి కాదు, కొత్తగా పడిన వాననీళ్లతోనే, అదీ ఆనవాయితీయే. మా నాయనమ్మ పోయినప్పుడు అత్త అలాగే తెచ్చింది. అది తీరేసరికి నాకు పెళ్లీడు దాటింది. ఊహ తెలిసినప్పటి నుంచి అత్త అరగ్లాసుకి మించి తాగగా నేను చూడలేదు. దాహం వెయ్యదే నాకు, అనేది. నేను నమ్మేదాన్ని. ఎంత మొద్దుమొహాన్ని!

ఈసారి అడుగుదామన్నా ఎవరి దగ్గరా లేవు. వానలు మొహం చాటేశాయి. పక్క తెప్ప బుల్లెమ్మ పిన్ని వారానికో కుండ ఇస్తానంది. ఆమె ఇంట్లో ఆరుగురు. వద్దన్నాను.

"నీ తిత్తి ఉందిగదంటే భూలచ్చీ?" అంది.

ఉంది. పిల్లతిత్తి. చాపలు కుట్టే పాక పక్కన తాడుకి కట్టి వదిలేసి ఉంటుంది. పూర్తిగా పిండినా పన్నుకి చాలదు, పైగా నేనేం తాగాలి, చెట్టేం తాగాలి?

"చెట్టుకి పోసేది మానెయ్. కొంప ముఖ్యమా, దబ్బకాయ ముఖ్యమా?"

కోపం వచ్చింది. చెప్పాగా, మాట్లాడితే వస్తుంది. బుల్లెమ్మ పిన్నికి తెలియనిదా! కొండ సంతలో అత్త తన దుప్పటి ఇచ్చేసి ఆ మొక్క కొనుక్కొచ్చింది. పీపాలోని మట్టి మూటలుగా మోసుకొచ్చింది. ఇన్నేళ్లకి ఈ ఏడే మొదటిసారి పిందె పట్టింది. "కాయ రానీవే, దబ్బకాయ పులిహోర చేసి నీ మూతి మూసేస్తా," అంది నాతో, మంచం మీద ఉండి కూడా. ఆ తర్వాత వారానికి పోయింది.


పౌర్ణమి

పెద్ద పోటు. తాళ్లన్నీ బిగించాను. చెట్టుకి అరచెంబు.

పొద్దున లేచేసరికి పీపా చుట్టూ నాలుగు పిందెలు రాలి ఉన్నాయి. ఏరి కొంగులో వేసుకున్నాను. పారెయ్యబుద్ధి కాలేదు.


బహుళ తదియ

పడమటి గాలి. చెట్టుకి అరచెంబు. ఇవాళ రాయడానికి సంగతి ఉంది.

ఏసోబన్న ఎండతో నడిచే తన పడవ మీద వచ్చాడు, నేను కుట్టిన వానచాపలు తీసుకెళ్లడానికి. చాపల చుట్ట పడవలో పట్టలేదు. చుట్టకి తాడు కట్టి నీళ్లలో పడేసి, పడవ వెనక లాక్కుపోతున్నాడు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. తేలే వస్తువుని మొయ్యక్కర్లేదు, లాగితే చాలు. మా వాళ్లకి నీళ్లంటే కుండలో పోసి నెత్తిన పెట్టుకునేదే. పుట్టినప్పటి నుంచి చూసింది అదే మరి.

చేతిలో సూది చేతిలోనే ఉంది. గెడ తీసుకుని చిన్న పడవ వేసుకుని తొట్టి దగ్గరికి పోయాను.

"బాబాయ్, దిక్కులేనివాళ్లు చనిపోతే వాళ్ల తిత్తి ఏం చేస్తారు?"

"ఇల్లు విరగ్గొట్టి, తిత్తిని తొట్టి దగ్గరికి తెచ్చి గొట్టం తగిలిస్తాం. తొట్టి గొట్టానికి ఏ మూతైనా తెరుచుకుద్ది."

"అయితే మా అత్త తిత్తిని నేనే ఇక్కడికి తెస్తా. నేను మూత ముట్టుకోను. నీ గొట్టం తగిలించి, పన్ను ఎంతో అంతే తాగించి వదిలెయ్. ఆ తర్వాత మూత నాది."

బాబాయ్ లోపలికి పోయి తాత రాసిన రూళ్లు తెచ్చి, మొదటి నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు.

"వారసుల చేత్తో మూత తియ్యకూడదనుంది. తిత్తి కదలకూడదని లేదు."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం మరి?"

"ఎవరడిగారమ్మా? ఇంటి కింద తిత్తిని విప్పుతామని ఎవరన్నా అంటారా?" తాత రూళ్లు మడుస్తూ, "మా అమ్మ పోయినప్పుడు తెచ్చిన అప్పు ఇంకా తీరుస్తానే ఉన్నా," అన్నాడు. ఆ పగిలిన పెదాల సంగతి అప్పుడు అర్థమైంది నాకు.


బహుళ సప్తమి

గాలి తగ్గింది. పాటు నీళ్లు మెత్తబడుతున్నాయి. చెట్టుకి అరచెంబు. ఇంకో పిందె పోయింది. కొమ్మ మీద మూడు మిగిలాయి.

ఎల్లుండి నవమి. ఈ పక్షానికి సముద్రం మెతగ్గా ఉండేది ఆ ఒక్క రోజే. అది తప్పితే అమావాస్య పోటు అందుకుంటుంది, అంత తిత్తిని ఆ వడిలో లాగడం ఎవరి తరమూ కాదు. ఏసోబన్న పడవ ఇస్తానన్నాడు.

విషయం తెలిసి బుల్లెమ్మ పిన్ని తన తెప్ప అంచున నిలబడి గుండెలు బాదుకుంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! ఇల్లు విరగ్గొట్టేటప్పుడు తప్ప తిత్తి తాడు ముట్టుకోకూడదే. మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ చెప్పింది. తిత్తి విప్పితే ఇల్లు కూలుద్ది."

"ఎందుకు కూలుద్ది పిన్నీ?"

"ఎందుకేంటి, కూలుద్ది!"

"నీ మూఢనమ్మకాలు నా దగ్గర పెట్టకు."

"చచ్చి నాంచారమ్మ ఏ లోకాన ఉందో, నిన్ను నాకు అంటగట్టి పోయింది," అని లోపలికి పోయి తలుపేసుకుంది.


బహుళ నవమి

గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. చేతులు మంటగా ఉన్నాయి, అక్షరాలు వంకరగా వస్తే అందుకే.

తెల్లారగానే మునిగి తాళ్లు విప్పాను. నాలుగు తాళ్లు. అత్త వేసిన ముడులు, ఒక్కొక్కటీ విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆఖరిది వదిలేసరికి తిత్తి పక్కకి జారి, ఒళ్లు విరుచుకున్నట్టు పైకి తేలింది. ఏసోబన్న దాని మెడకి మోకు తగిలించాడు. బాగానే ఉంది అనుకున్నాను.

అప్పుడు ఇల్లు మూలిగింది.

తూర్పు మూల నీళ్లలోకి దిగుతోంది. వంటింట్లో గిన్నెలు వరసగా దొర్లుకుంటూ వచ్చాయి. దబ్బచెట్టు పీపా అంచు వైపు జారడం మొదలుపెట్టింది. నేను ఎలా పైకి ఎక్కానో తెలియదు. వెళ్లి చెట్టు మొదలుని రెండు చేతులా వాటేసుకుని, కాళ్లు దుంగకి తన్నిపెట్టాను. దబ్బచెట్టుకి ముళ్లుంటాయి. అవన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి అప్పుడు.

మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలతాయని బళ్లో మొదటి పాఠం. నాకూ వచ్చు, ఊళ్లో అందరికీ వచ్చు. అయినా మా ఇళ్ల కింద ఏం జరుగుతోందో ఎవరమూ ఆలోచించలేదు. అత్త వాన వానకీ దాచిన నీళ్లు ఇన్నేళ్లుగా ఊరికే ఉండలేదు. చెట్టునీ వంటిల్లునీ నన్నూ కింద నుంచి ఎత్తిపట్టుకుని ఉన్నాయి. బుల్లెమ్మ పిన్ని చెప్పింది నిజమే. ఎందుకు నిజమో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు, అంతే తేడా.

"అన్నా, తాడు మళ్లీ కట్టెయ్!" అని అరిచాను.

"ఎట్టా కట్టేది చెల్లే, ఇల్లు కిందికొచ్చేసింది, కిందకి దూర్చేదానికి సందేదీ?"

పీపా ఇంకో జానెడు జారింది. నీళ్లు నా మోకాళ్లకి వచ్చాయి. ఇల్లు పోయినట్టే, చెట్టు పోయినట్టే, అత్తది అంటూ ఇక ఏదీ మిగలదు అనుకున్నాను. వదలమంటే మాత్రం చేతులు వదల్లేదు.

అప్పుడు ధన్‌మని ఏదో వచ్చి మా తూర్పు అంచుకి తగిలింది. చూస్తే బుల్లెమ్మ పిన్ని. తన తెప్ప లంగరు తాళ్లు కోసేసి, ఇంటినంతా గెడ వేసుకుంటూ తోసుకొచ్చింది. ఇంట్లో ఆరుగురూ అంచున నిలబడి ఉన్నారు.

"చెప్పానా లేదా? చెప్పానా లేదా?" అని అరుస్తూనే దుంగ ఒకటి మా తెప్ప కిందికి దూర్చి, తన తెప్ప మీదికి ఎత్తి మోకుతో కట్టింది. రెండోది దూర్చింది. మా మూల దిగడం ఆగింది. ఆమె ఇంటి కింద ఉన్న తిత్తి ఇప్పుడు మా ఇంటిని కూడా మోస్తోందన్నమాట. ఇంకో పక్క నుంచి మునసబు బాబాయ్ వచ్చాడు, ఆయనా తెప్పతో సహా వచ్చాడు. ముగ్గురివీ కలిపి కట్టేసరికి గిన్నెలు దొర్లడం మానేశాయి.

"ఇక పో," అంది పిన్ని రొప్పుతూ. "పాటు మళ్లకముందే పో. ఇల్లు నేను చూసుకుంటా."

"పిన్నీ, మొన్న నేనన్న మాట..."

"వొచ్చాక తిడతాలే, ముందు పో!"

ఏసోబన్న పడవ మెల్లగా కదిలింది. వెనక అత్త తిత్తి, చెప్పిన మాట వినే ఏనుగులాగ వచ్చింది. దారిలో తెప్పల మీది జనమంతా బయటికొచ్చి చూశారు. ఒకరిద్దరు దండం పెట్టారు. ఇల్లు నిలబడి ఉండగా దాని కింద తిత్తి వెలుతురులోకి రావడం వాళ్లెవరూ చూసి ఉండరు. నేనూ సరిగ్గా చూడటం ఇదే. ఒక పక్క అతుకు కనిపించింది, ఎర్రదారంతో, నా చిన్నప్పటి వంకర కుట్టు. కుట్టడం నేర్పుతూ అత్త నాతో వేయించిన మొదటి అతుకు. అంత విలువైన తిత్తి మీద, ఏమీ రాని పిల్లతో. ఆవిడ ధైర్యం ఎంతదో నాకు ఇప్పుడు తెలిసింది.

బాబాయ్ మాకంటే ముందే ఇంకో పడవలో తొట్టి దగ్గరికి చేరాడు. గొట్టం తగిలించాడు. తొట్టి తాగింది. అయిదో వంతు అయ్యాక దానంతట అదే ఆగింది. పన్ను ముట్టినట్టు గంట కొట్టాడు. మామూలుగా ఒకసారి కొడతారు. ఆయన ఆపకుండా కొడుతూనే ఉన్నాడు, నేను చెయ్యి పట్టుకునేదాకా.

మూత మీద ఎర్రదీపం ఆరింది. చెయ్యి పెట్టమన్నాడు. అరచేతి నిండా ముళ్ల గాట్లు, గుర్తుపడుతుందో లేదో అని భయమేసింది. పెట్టాను. తెరుచుకుంది. అత్తా అన్నాను, పైకే, అందరిముందూ. నాకేం సిగ్గనిపించలేదు.


బహుళ దశమి

చిన్న తూర్పు గాలి. దక్షిణాన ఒక మబ్బు, నమ్మడానికి లేదు. చెట్టుకి రెండు చెంబులు. మూడు పిందెలూ ఉన్నాయి.

నిన్న సాయంత్రమే తిత్తిని తెచ్చి పాత చోటే కట్టాం. అయిదో వంతు పోయింది కదా, తూర్పు మూల రెండు వేళ్లు కిందికి ఉంది. ఇవాళ పొద్దున పాక దగ్గర తాడుకి వేలాడుతున్న నా పిల్లతిత్తిని విప్పాను. ఇన్నేళ్లూ దాన్ని అక్కడ ఎందుకు వదిలేశానంటే, ఇల్లు అత్తది కదా అనుకునేదాన్ని. తీసుకెళ్లి అత్త తిత్తి పక్కనే కట్టాను. పైకొచ్చి చూస్తే నేల మట్టంగా ఉంది. గోళీ పెట్టి చూశాను, దొర్లలేదు.

తర్వాత అందరినీ పిలిచాను. బుల్లెమ్మ పిన్ని ఇంటివాళ్లు, బాబాయ్, ఏసోబన్న. గ్లాసులన్నీ నిండా పోసి గడప దగ్గర అందించాను. బాబాయ్ అలవాటుగా కళ్లకద్దుకుని, "ఇప్పుడే తాగొచ్చా..." అని మొదలుపెట్టాడు.

"బాబాయ్, ఇవి మా అత్త తాగకుండా దాచిన నీళ్లు. మీరు కూడా తాగకపోతే ఎలా?"

గ్లాసులు పట్టుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరికి బుల్లెమ్మ పిన్ని గ్లాసు ఎత్తింది. గడగడా మొత్తం తాగేసింది. ఆగకుండా, కారినవి గడ్డం మీద నుంచి మెడ మీదికి పోతున్నా తుడుచుకోకుండా. తాగి, ఖాళీ గ్లాసు లోపలికి తొంగి చూసి, ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు అందరూ తాగారు.

వెళ్లేముందు బాబాయ్ నన్ను పక్కకి పిలిచి, పడమటి వరసలో చంటిపిల్లల తల్లి ఒకామె మొగుడు పోయాడనీ, పన్ను గడువు వచ్చే అష్టమి తర్వాతేననీ చెప్పాడు. ముందు రెండు పక్కలా తెప్పలు కట్టాలి, ఆ తర్వాతే తిత్తి తాళ్లు ముట్టుకోవాలి అన్నాను. తాత రూళ్ల చివర అది కూడా రాసేస్తానన్నాడు.

దుంగలు విప్పబోతే బుల్లెమ్మ పిన్ని ఒప్పుకోలేదు. వాన పడిందాకా ఇట్టాగే ఉండనీ అంది. తిట్టడం మటుకు ఇంకా బాకీ ఉందట.

గ్లాసులన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. కుండలోకి పోసుకోవడానికి ఒక్క చుక్క మిగల్లేదు.